ఏ వర్గం బాబూ?

ప్రశ్నలు మీవి – జవాబులు డెస్కు బాబాయ్‌వి

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబు రాస్తూ, “కోచ్ మారతాడన్న వార్త కనబడితే హెడ్డింగ్ కాదు, ఆఖరి క్రియ చూడండి” అని మాటవరసకు అన్నాను. అన్నదే తడవు, ఉత్తరాలు కట్టలుగా వచ్చి పడ్డాయి. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. కొత్త బ్యాటుకు నూనె ఎన్నిసార్లు రాయాలని అడిగిన మచిలీపట్నం కుర్రాడు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. అప్పటిదాకా బ్యాటును ఎండలో మాత్రం పెట్టకు నాయనా.

బాబాయ్ గారూ, కోచ్ వార్త వచ్చిన ప్రతిసారీ ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని ఉంటుంది. ఈ వర్గాలు నిజంగా ఉంటాయా? లేక మీరే ఆఫీసులో కూర్చుని పుట్టిస్తారా? – డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

ఉంటాయి, ఎందుకుండవు. కాకపోతే నువ్వనుకున్నంత మంది ఉండరు. ‘వర్గాలు’ అనేది గౌరవ బహువచనం లాంటిది. ఒక్క మనిషినే ‘వారు వచ్చారు’ అన్నట్టు, ఫోన్లో దొరికిన ఒక్క మనిషినే ‘వర్గాలు’ అంటాం.

ఆ ఒక్కరు భారత క్రికెట్ బోర్డులో పదవిలో ఉన్నాయన కావచ్చు. ఏదో రాష్ట్ర సంఘం పెద్ద కావచ్చు. ఆటగాడి వ్యవహారాలు చూసే మేనేజరో, ఐపీఎల్ జట్టులో పనిచేసే ఉద్యోగో కావచ్చు. కోచ్ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాయన స్నేహితుడు కావచ్చు, ఒక్కోసారి ఆ ఎదురుచూస్తున్నాయనే కావచ్చు. వీళ్లలో ఇంటర్వ్యూ గదిలో కుర్చీ ఉన్నవాళ్లు ఎంతమంది? భారత జట్టుకు కోచ్‌ను సిఫారసు చేసేది ముగ్గురు సభ్యుల క్రికెట్ సలహా సంఘం. 2016, 2017లో టెండూల్కర్, గంగూలీ, లక్ష్మణ్ ఉన్నారు. 2019లో కపిల్ దేవ్, అన్షుమన్ గైక్వాడ్, శాంతా రంగస్వామి. 2024లో అశోక్ మల్హోత్రా, జతిన్ పరాంజపే, సులక్షణా నాయక్. ఆ ముగ్గురు, వాళ్ల మాట అందుకునే కొద్దిమంది బోర్డు పెద్దలు తప్ప మిగతా అందరూ తలుపు బయటే. తలుపు బయట నిలబడ్డవాడికి లోపలికి ఎవరు వెళ్లారో తెలుస్తుంది గానీ లోపల ఏమనుకున్నారో తెలియదు. కాబట్టి ‘ఫలానాయన దరఖాస్తు పెట్టాడు’ అనే వార్త ‘ఫలానాయన ఖరారు’ అనే దానికంటే గట్టిగా ఉండాలి. ఉండాలి అన్నాను, ఉంటుందనలేదు. దానికో పిట్టకథ ఉంది, కింద కూకట్‌పల్లి కుర్రాడికి చెబుతాను.

ఇక క్రియ సంగతి. ముప్పై ఏళ్లు డెస్కు మీద కాపీ దిద్దినవాణ్ని, మా డెస్కులో రాయని శాసనం ఒకటుండేది. మన విలేకరికి ఎవరో స్వయంగా చెబితే ‘సమాచారం’ అని రాసేవాళ్లం. వార్తా ఏజెన్సీ కాపీలో పేరు చెప్పని అధికారి ఉంటే ‘బోర్డు అధికారి ఒకరు తెలిపారు’. పక్క పేపరో టీవీనో చూసి రాస్తే ‘తెలుస్తోంది’. ‘భోగట్టా’ అంటే ఆ కబురు టీ కొట్టు దగ్గర దొరికింది. ‘వినికిడి’ అంటే రాసినవాడికే నమ్మకం లేదు. ‘జోరుగా ప్రచారం జరుగుతోంది’ అని ఉంటే, ఆ జోరు మాదేనని అర్థం.

ఇంకో తిరకాసు మన భాషలోకి వచ్చేటప్పుడు జరుగుతుంది. ఏజెన్సీ ఇంగ్లీషు కాపీలో ‘అవకాశం ఉంది’ అని ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి అలిసిపోయిన సబ్ ఎడిటర్ చేతిలో అది ‘అవకాశాలు మెండు’ అవుతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి దాన్ని ‘దాదాపు ఖరారు’ చేస్తాడు. హెడ్డింగ్‌కి వచ్చేసరికి ‘ఆయనకే పగ్గాలు?’. తర్వాత పేజీ పెట్టేటప్పుడు ఆ హెడ్డింగ్ మూడు కాలమ్‌లలో పట్టదు. ఏం తీసేస్తారు? ప్రశ్నార్థకం. ఈ చేతులతోనే తీశాను.

అయ్యా, బోర్డు కార్యదర్శే స్వయంగా ‘అలాంటిదేమీ లేదు’ అని ఖండించాక కూడా పత్రికలు వర్గాల పాటే పాడటం తప్పు కాదా? పేరు పెట్టి మాట్లాడేవాడి మాటకు విలువ ఉండదా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, నమస్కారం. మీరు అడిగింది న్యాయమైన మాటే. నేనూ అలాగే అనుకునేవాణ్ని. 2017 వేసవి నా మతి పోగొట్టింది.

కుంబ్లే అప్పటికి ఏడాదిగా భారత జట్టు కోచ్. ఆయన హయాంలో ఆడిన 17 టెస్టుల్లో 12 గెలిచాం, ఒక్కటే ఓడాం. అయినా 2017 మే 25న, ఛాంపియన్స్ ట్రోఫీ ఇంకో వారం ఉందనగా, బోర్డు కొత్త కోచ్ కోసం దరఖాస్తులు పిలిచింది. ఆ నెలాఖరుకే పత్రికల్లో వర్గాలు మొదలయ్యాయి. కెప్టెన్‌కీ కోచ్‌కీ పొసగడం లేదట. జూన్ 4న బర్మింగ్‌హామ్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్. దానికి ముందు రోజు కోహ్లి పత్రికల వాళ్ల ముందు కూర్చుని అలాంటి సమస్యే లేదన్నాడు. పేరుంది, ముఖముంది, మైకుంది. జూన్ 18న ఫైనల్లో 180 పరుగులతో ఓడాం. 20న కుంబ్లే రాజీనామా చేసి ట్విట్టర్లో ఒక ప్రకటన పెట్టాడు. నా పద్ధతి మీద కెప్టెన్‌కు అభ్యంతరాలున్నాయని బోర్డు నాకు మొదటిసారి చెప్పింది నిన్ననే, అన్నది దాని సారాంశం. చూడండి విడ్డూరం. మూడు వారాలుగా దేశమంతా చదువుకుంటున్న సంగతి, అధికారికంగా అందాల్సిన మనిషికి అందింది ఆఖర్న. ఇక్కడ పేరు లేనివాళ్లే నెగ్గారు.

అసలు ముచ్చట జులై 11న. దరఖాస్తుల గడువు 9 దాకా పొడిగించారు, రవిశాస్త్రి అప్పుడు వచ్చి చేరాడు. 10న ముంబైలో ఇంటర్వ్యూలు అయ్యాయి, సెహ్వాగ్ కూడా వెళ్లాడు. బయటికొచ్చి గంగూలీ, తొందరేమీ లేదు, కోహ్లితో మాట్లాడాక చెబుతాం అన్నాడు. మర్నాడు, అంటే 11న, బోర్డును నడపడానికి సుప్రీంకోర్టు వేసిన పాలకుల కమిటీ సాయంత్రానికల్లా తేల్చమంది. పొద్దు వాలకముందే అన్ని టీవీల్లోనూ స్క్రోలింగ్: శాస్త్రే కోచ్. మేం జిల్లా ఎడిషన్ పేజీలో ‘శాస్త్రికే పగ్గాలు’ అని నాలుగు కాలమ్‌లలో పెట్టి, పక్కన ఆయన పాత ఫొటో ఒకటి, ఆటగాడిగా బహుమతి గెలిచిన ఆ ఆడీ కారు మీద కూర్చున్నది కూడా వెతికాం. ఇంతలో బోర్డు తాత్కాలిక కార్యదర్శి అమితాబ్ చౌదరి ఇంకా ఏ నిర్ణయమూ జరగలేదని చెప్పాడు. పేరు పెట్టి, హోదాతో. మీలాగే నేనూ పేరున్న మాటకు తల వంచాను. పేజీ పగలగొట్టి ‘కోచ్ ఇంకా తేలలేదు’ అని మార్చాం. ఆడీ కారు పోయింది. పేజీ ప్రెస్సుకు వెళ్లింది. రాత్రి పొద్దుపోయాక బోర్డు ప్రకటన వచ్చింది: హెడ్ కోచ్ రవిశాస్త్రి.

సిటీ ఎడిషన్‌కు మార్చుకోగలిగాం. మీరు ఆ రోజుల్లో మా పేపరే వేయించుకుని ఉంటే, మర్నాడు పొద్దున్న మీ తెనాలి గుమ్మంలో పడింది మాత్రం ఖండనే. ఆలస్యంగానైనా క్షమాపణలు.

కథ ఇంకా అయిపోలేదు. ఆ రాత్రి అధికారిక ప్రకటనలోనే జహీర్ ఖాన్ బౌలింగ్ సలహాదారు, విదేశీ పర్యటనలకు ద్రవిడ్ బ్యాటింగ్ సలహాదారు అని కూడా ఉంది. నాలుగు రోజులు తిరక్కుండా పాలకుల కమిటీ, అవి సిఫారసులు మాత్రమే అంది. 18న బౌలింగ్ కోచ్‌గా భరత్ అరుణ్ వచ్చాడు. జహీర్, ద్రవిడ్‌ల సంగతి అక్కడితో సరి. అంటే సాయంత్రం పేరు లేని మనిషి చెప్పింది నిలబడింది, బోర్డు లెటర్‌హెడ్ మీద వచ్చిన మూడింటిలో రెండు నిలబడలేదు.

చౌదరి అబద్ధమాడాడా? నేను అననండీ. ఆయన అన్నది ‘నిర్ణయం జరగలేదు’ అని. ‘శాస్త్రి కాదు’ అనలేదు. సంతకం పడే క్షణం దాకా నిర్ణయం జరగలేదన్న మాట నిజమే. మీరు పిల్లలకు వ్యాకరణం చెప్పినవారు, ఖండనను అలాగే విడదీసి చదవండి. పేరును ఖండించారా, తేదీని ఖండించారా, ‘ఖరారు’ అన్న మాటనొక్కదాన్నే ఖండించారా? ఇంకో సంగతి కూడా చెవిలో వేస్తాను. పొద్దున్న విలేకరికి ఫోన్లో చెప్పిన ‘వర్గం’, సాయంత్రం మైకు ముందు ఖండించిన పెద్దమనిషి ఒక్కరే అయిన సందర్భాలు నా సర్వీసులో ఉన్నాయి. ఇద్దరి మాటల్లో ఎవరిది నమ్మాలి అని మీరడుగుతున్నారు. ఇద్దరు ఉన్నారని ఎవరు చెప్పారు?

బాబాయ్ గారూ, 2024లో మా ఇంట్లో పెద్ద గొడవ. మా ఆయన పాంటింగ్ అన్నారు, మా అబ్బాయి ఫ్లెమింగ్ అన్నాడు, ఇద్దరూ ఫోన్లు చూపించి మరీ వాదించుకున్నారు. వచ్చింది గంభీర్. ఇన్ని పేర్లు ఎవరు వదులుతారు? ఎందుకు? – గృహిణి, గుంటూరు

అమ్మా, ఆ రోజుల్లో పేర్లు ఊడిపడింది ఐపీఎల్ చెట్టు నుంచి. బోర్డు మే 13న ప్రకటన ఇచ్చింది, గడువు 27 సాయంత్రం ఆరు. సరిగ్గా అదే సమయంలో ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ పాంటింగ్ ఢిల్లీ జట్టుతో, లాంగర్ లక్నోతో, ఫ్లెమింగ్ చెన్నైతో, గంభీర్ కోల్‌కతాతో ఇక్కడే తిరుగుతున్నారు. ఒకే హోటళ్లు, ఒకే విమానాలు. లిఫ్టులో ఎవరు ఎవరితో నవ్వినా ఒక వార్త.

మీ ఆయన చెప్పిన పాంటింగ్ కథ గాలికబురు కూడా కాదు. ఐపీఎల్ సమయంలో తనతో కొంచెం మాట్లాడి చూశారని, తన బతుకుకు అది కుదరదని ఆయనే ఐసీసీ వాళ్లతో చెప్పాడు. మే 24న అప్పటి బోర్డు కార్యదర్శి జై షా ప్రకటన: నేను గానీ బోర్డు గానీ ఏ మాజీ ఆస్ట్రేలియా ఆటగాడికీ కోచ్ పదవి ఇస్తామనలేదు, ఆ వార్తలు పూర్తిగా తప్పు. ఇద్దరికీ పేర్లున్నాయి, ఇద్దరి మాటా పొంతన లేదు. కానీ పెళ్లి సంబంధాలు చూసిన ఇల్లాలివి, నీకు ఇది వింత కాదు. ‘మీ అమ్మాయికి చూస్తున్నారా?’ అని బస్టాండులో ఆగి అడిగినవాడు, తర్వాత ‘మేం సంబంధం అడగనేలేదు’ అంటాడు. వాడి లెక్కలో అది పలకరింపు. వీళ్ల లెక్కలో సంబంధం వచ్చి వెళ్లింది. అడగలేదని చెప్పుకోవడం వాడికి మర్యాద, వద్దన్నామని చెప్పుకోవడం వీళ్లకు మర్యాద.

ఎందుకు వదులుతారంటావా. ఏజెంటు వదిలితే, ఆయన కోచ్‌కు ఇప్పుడున్న చోట జీతం పెంచుకోవడానికి. బోర్డులో ఎవరో వదిలితే, జనం ఏమంటారో చూడటానికి. తిట్లు వస్తే ‘మేమెప్పుడన్నాం’ అనొచ్చు. ఓడిపోయిన వర్గం వదిలేది మాత్రం ఉత్త కడుపుమంటతో. ఆ మూడో రకం వార్తల్లో వివరాలు భలే ఉంటాయి, నాకు చదవడానికి అవే ఇష్టం.

గంభీర్ పేరు మాత్రం మే నెల నుంచి చివరిదాకా జారలేదు. మే 26న చెన్నైలో మన సన్‌రైజర్స్ 113కే కుప్పకూలి కోల్‌కతాకు కప్పు అప్పగించిన రాత్రి, మైదానంలో జై షా, గంభీర్ మాట్లాడుకుంటున్న ఫొటోలు వచ్చాయి. జూన్ మొదట్లో గంభీరే, భారత జట్టుకు కోచ్‌గా ఉండటం నాకిష్టమే అని పైకి చెప్పాడు. పేరు లేని మాట పక్కన పేరున్న మాట వచ్చి నిలబడింది చూశావా, నేనైతే అక్కడ చెవి నిక్కబొడుస్తాను. జులై 9న ప్రకటన వచ్చింది. మీ అబ్బాయి ఫ్లెమింగ్ వెనక అలా ఎవరూ వచ్చి నిలబడలేదు.

అన్నట్టు, ఆ దరఖాస్తులు ఆన్‌లైన్ ఫారంలో తీసుకున్నారు. 3,000కు పైగా వచ్చాయనీ, వాటిలో టెండూల్కర్, ధోని, నరేంద్ర మోదీ, అమిత్ షా పేర్లతో ఆకతాయిలు నింపినవీ ఉన్నాయనీ వార్త వచ్చింది. ఆ వార్తను బయటపెట్టింది కూడా బోర్డు ‘వర్గాలే’.

అన్నా, మా హైదరాబాదోడు లక్ష్మణ్ పేరు ప్రతిసారి కోచ్ రేసుల వస్తది, ఆఖరికి రాడు. ఎందుకన్నా గిట్లయితది? – ఆటో డ్రైవర్, మల్కాజిగిరి

తమ్ముడూ, రాసేవాడికి అది ఖర్చులేని పేరు. లక్ష్మణ్ 2021 డిసెంబర్‌లో బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీకి పెద్దగా వచ్చాడు. 2022లో ఐర్లాండ్, జింబాబ్వే, న్యూజిలాండ్ వెళ్లినప్పుడు, 2023 ఆసియా క్రీడలప్పుడు, 2024లో మళ్లీ జింబాబ్వే, దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు తాత్కాలిక కోచ్ ఆయనే. అలాంటి మనిషి పేరు రాయడానికి ఏ వర్గంతోనూ పని లేదు, నీ ఆటోలో కూర్చుని నేనూ రాయగలను. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఓడాం, కోచ్ ద్రవిడ్ గడువు అయిపోయింది, నాలుగు రోజులకే విశాఖలో ఆస్ట్రేలియాతో టీ20కి లక్ష్మణ్ కోచ్‌గా కూర్చున్నాడు. ఇంకేం, పూర్తికాలం ఆయనే అని రాసేశారు. 29న బోర్డు ద్రవిడ్‌నే కొనసాగించింది. అందరూ ఊహించగల పేరు వర్గాల నుంచి వస్తే అందులో కబురేం లేదు. ఎవరూ ఊహించని పేరు వస్తే ఆటో పక్కకు ఆపి చదువు.

బాబాయ్, నేను ఫుట్‌బాల్ పిచ్చోణ్ని. జావి భారత్‌కు కోచ్‌గా వస్తానంటే మన ఫెడరేషన్ డబ్బుల్లేవని వద్దందని చదివి రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత అంతా ఉత్తదే అన్నారు. మరి ఆ వార్తలో పేరున్న అధికారే చెప్పాడు కదా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

ఇదిగో, పైన ఖమ్మం కుర్రాడికి బాకీ ఉన్న పిట్టకథ. 2025 జులై. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ మనోలో మార్కెజ్ ఆ పదవి వదిలి వెళ్లాడు. మనకు బాగా తెలిసిన మనిషి, 2022 మార్చి 20న గోవాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చింది ఆయన హయాంలోనే. ఖాళీ అయిన కుర్చీకి దరఖాస్తులు 170 వచ్చాయి. వాటిలో బార్సిలోనా జావి పేరు ఉందని, జీతం తూగలేమని పక్కన పెట్టారని ఒక పెద్ద పత్రిక రాసింది. జాతీయ జట్ల డైరెక్టర్, స్వయంగా భారత్‌కు గోల్‌కీపర్‌గా ఆడిన మనిషి, అవును, ఆ పేరు ఉంది, ఈమెయిల్‌లో వచ్చింది అని పేరు పెట్టి చెప్పాడు. ఒక్క రోజు తిరిగేసరికి ఫెడరేషన్ ప్రకటన: జావి పేరుతో వచ్చిందీ, ప్రపంచమంతా పేరు మోసిన కోచ్ గ్వార్డియోలా పేరుతో వచ్చిందీ, రెండూ అసలైనవి కావు.

విలేకరి తన పని తాను చేశాడు. అధికారి ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, ఇన్‌బాక్సులో ఆ పేరు నిజంగానే ఉంది. ఆ మెయిల్ ఎవరు పంపారో చూసే ఓపికే ఎవరికీ లేకపోయింది. ఒక ఫోన్ కాల్‌తో పోయేది. గ్వార్డియోలా కూడా భారత్‌కు వస్తానన్నప్పుడైనా ఎవరో ఒకరికి నవ్వు రావద్దూ? ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా తీసుకున్నారు.

నీలాంటి పిచ్చోళ్లకు ఇంకో సంగతి. 2024 జనవరి 26న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ కోచ్ క్లోప్, క్లబ్బును వదిలేస్తున్నానని చెప్పాడు. ఆ సంగతి క్లబ్బుకు నవంబర్‌లోనే చెప్పాడట. రోజుకు పది పుకార్లు వండే ఇంగ్లండ్‌లో రెండు నెలలు ఒక్క వర్గమూ నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆయన చోటుకు మాత్రం వర్గాలే వర్గాలు. అలోన్సో అన్నారు, ఆయన మార్చిలో తన క్లబ్బు లెవర్కూసెన్‌లోనే ఉంటానన్నాడు. అమోరిమ్ అన్నారు. చివరికి వచ్చింది స్లాట్. లీకు వచ్చిందంటే ఎవరికో అది రావాలని ఉంది. క్లోప్ సంగతి బయటికి రావాలని లోపలివాళ్లలో ఎవరికీ లేదు, అందుకే రాలేదు. అన్నం తిను.

నమస్తే అండీ. ఇక్కడ డిసెంబర్ వచ్చిందంటే కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల పుకార్లే. మా పక్కింటాయన యూనివర్సిటీ పెద్దల ప్రైవేటు విమానాలు ఎక్కడ దిగుతున్నాయో కూడా ఫోన్లో చూస్తుంటాడు. ఇదేం పిచ్చి? – ఒక తెలుగు పాఠకుడు, డల్లాస్

పక్కింటాయన మీద నాకు గౌరవం కలిగింది. విమానం ఎవరి తరఫునా మాట్లాడదు, దానికి పదవి అక్కర్లేదు. కానీ లోపల కోచ్ ఉన్నాడో, డబ్బులిచ్చే దాత ఉన్నాడో, పైలట్ ఒక్కడే ఉన్నాడో అదీ చెప్పదు.

మీ దేశంలో ఖండనలకు పాఠ్యపుస్తకం అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్. 2006 డిసెంబర్ 21న, అప్పటికి మయామి డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు కోచ్, అలబామా యూనివర్సిటీ కోచ్‌గా నేను వెళ్లబోవడం లేదని విలేకరుల ముందు తెగేసి చెప్పాడు. 2007 జనవరి 3న అలబామాకు వెళ్లాడు. ఎనిమిదేళ్లకు 3.2 కోట్ల డాలర్లు. సరిగ్గా పదమూడు రోజులు. అక్కడ ఆరు జాతీయ టైటిళ్లు గెలిచాక ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? ఆ రోజు వర్గాలను నమ్మి రాసి, ఖండన చూసి భయపడి వెనక్కి తీసుకున్న సబ్ ఎడిటర్ ఎవరైనా ఉంటే అతనికి గుర్తుంటుంది.

బాబాయ్ గారూ, అందరి తప్పులూ చెబుతారు. మీరెప్పుడైనా వర్గాలను నమ్మి మోసపోయారా? ఆ వర్గం ఎవరో ఇప్పుడైనా చెబుతారా? – ఒక పాఠకురాలు, నల్లగొండ

పోయాను తల్లీ. నేను మోసపోవడం సరే, ఇంకొకాయన ఇల్లు అల్లాడింది.

తొంభైల్లో మాట. ఒక జిల్లా కేంద్రంలో కొత్తగా చేరాను. స్టేడియంలో వాలీబాల్ కోచ్ ఒకాయన ఉండేవారు. తెల్లారగట్ల అయిదింటికి నేల తడిపి, సున్నంతో గీతలు గీసి, పిల్లలకు ఉడకబెట్టిన శనగలు పెట్టి ఆడించే మనిషి. ఆయన ఆఫీసుతో రాకపోకలున్న ఒక పెద్దమనిషి నాకు టీ తాగించి, “ఫైలు కదిలిందయ్యా” అన్నాడు. ఏ ఫైలు అని నేనడగలేదు. ‘వాలీబాల్ కోచ్‌కు ఉద్వాసన?’ అని తొమ్మిది లైన్లు రాశాను. ప్రశ్నార్థకం ఉంది కదా అని ధైర్యం. విశ్వసనీయ వర్గాల సమాచారం.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన సైకిల్ మీద ఆఫీసుకొచ్చారు. మెడలో విజిల్ అలాగే ఉంది. అరుస్తారనుకుని నేను లేచి నిలబడ్డాను. ఆయన కూర్చుని, పేపర్ ముక్క మడత విప్పి బల్ల మీద పెట్టి, ఆ రెండు మాటల మీద వేలు ఉంచి అడిగారు. “ఏ వర్గం బాబూ?”

ఫైలు కదిలిన మాట నిజమే. అది ఆయన పెద్దమ్మాయి పెళ్లికి పెట్టుకున్న పీఎఫ్ అడ్వాన్సు ఫైలు. నా తొమ్మిది లైన్లు చదివి మగపెళ్లివారు కబురంపారట, ఉద్యోగం ఉందా పోయిందా అని. ఆయన ఆర్డరు కాగితాలు పట్టుకుని బస్సెక్కి వాళ్లూరు వెళ్లి చూపించి వచ్చారు. నాతో అదంతా మామూలుగానే చెప్పారు, టీ కూడా తాగారు. నాకే గొంతు దిగలేదు. సవరణ వేశాం, నాలుగు లైన్లు, అట్టడుగున, చదరంగం ఫలితాల కింద. తప్పు పై భాగంలో, సవరణ పాదాల దగ్గర. అది మా వృత్తిలో ఆనవాయితీ.

నాకు చెప్పినాయన ఎవరంటావా? ఆ ఉద్యోగానికి తన బావమరిదిని అనుకున్నాడని తర్వాత తెలిసింది. పేరు మాత్రం చెప్పను. మాటిచ్చి విన్నాను, వాడు అబద్ధమాడాడని నా మాట తప్పలేను.

పెళ్లి ఆగలేదు. నెల తిరక్కముందే ఆఫీసుకు పసుపు రాసిన శుభలేఖ వచ్చింది. కవరు మీద నా పేరు లేదు. కోచ్ గారి గుండ్రటి చేతిరాతలో, ‘విశ్వసనీయ వర్గాల వారికి, స్పోర్ట్స్ డెస్కు’ అని ఉంది. అటెండర్ ఎవరినీ అడక్కుండా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.